చాలా బాగుంది మేడం

మా రీసెర్చ్ మెథడ్స్ మేడం పోయారు. చిత్తూరులో నేను కౌన్సెలర్‌గా పనిచేసే స్కూల్లో, మధ్యాహ్నం అన్నం గిన్నె మూత తీస్తుండగా ఫోన్ మోగింది. ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. ఆ నెలలో ఆ వేళకు నాకు ఫోన్ చేసేది ఆవిడ ఒక్కరే. "వచ్చిందమ్మా మహాతల్లి" అని పేరు కూడా చూడకుండా ఫోన్ బోర్లా పెట్టేశాను. రెండోసారి మోగితే ఎత్తాను. నాతో చదివి, ఇప్పుడు తిరుపతిలో మా కాలేజీలోనే పాఠాలు చెబుతున్న స్నేహితురాలు. "మేడం పోయిందే. పొద్దున్నే, కాఫీ తాగతా తాగతానే" అంది.

నాకు మొదట తట్టిన మాట చెబితే మీరు నన్ను తిడతారు. హమ్మయ్య, ఈ ఏడు ఆ ప్రశ్న తప్పింది అనుకున్నాను. ఆ తర్వాత గానీ ఏడుపు రాలేదు.

ఆ ప్రశ్న ఏమిటంటే, "ఏం పాపా, నా క్లాసు ఎట్లుండె?"

నేను చదువు ముగించి పదకొండేళ్ళు. ప్రతి ఏప్రిల్లో, కాలేజీవాళ్ళు పిల్లల చేత ఫీడ్‌బ్యాక్ ఫారాలు నింపించే వారంలో, మేడం నాకు ఫోన్ చేసేవారు. క్షేమసమాచారాలు ఉండవు, ఏమీ ఉండవు. నేరుగా ఆ ప్రశ్నే. నేను "చాలా బాగుండేది మేడం" అనేదాన్ని. "అది మర్యాద. నేను అడిగింది జవాబు" అనేవారు. పోనీ ఎవరైనా ఎంతకాలం అడుగుతారు? రెండేళ్ళు? మూడేళ్ళు? పెళ్ళయిన ఏడాది అడిగారు. బిడ్డను కన్నప్పుడు ఆస్పత్రి మంచం మీద ఉంటే అడిగారు. "మేడం, నాకు నిన్ననే పాప పుట్టింది" అంటే, "అట్లనా, మంచిది. అయితే కూర్చోనే ఉండావు కదా, చెప్పు" అన్నారు.

ఆవిడది కార్వేటినగరం. పొట్టి మనిషి, ముక్కు చివరకు జారిన కళ్ళజోడు, కొంగు నిండా సుద్దపొడి. బోర్డు వైపు తిరిగి, బోర్డుకే పాఠం చెప్పేవారు. వెనక బెంచీలకు ఒక్క ముక్క వినబడేది కాదు. రెండు విషయాలు కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణం కాదు అని చెప్పడానికి ఆవిడ దగ్గర ఒకే ఒక ఉదాహరణ ఉండేది. "మామిడిపండ్లు ఎక్కువొచ్చే నెలలోనే పెండ్లిండ్లు ఎక్కువ. అట్లని మామిడిపండు తింటే పెండ్లయిపోతుందా?" మొదటిసారి నవ్వాం. ఆ సెమిస్టర్లో నాలుగోసారి విన్నాక నాకు మామిడిపండు మీదే విరక్తి పుట్టింది.

ఫారాలు నింపే రోజు మాత్రం ఆవిడది వేరే దారి. మిగతా లెక్చరర్లు మా నెత్తిమీద నిలబడి నింపించేవారు. మేడం ఫారాలు పంచి, వరండాలోకి వెళ్ళి, మాకు వీపు పెట్టి, కొండ వైపు చూస్తూ నిలబడేవారు. "మొగం సూస్తా ఉంటే ఎవురూ నిజం రాయరు" అనేవారు. ఒకసారి వాన జల్లు కొట్టి చీరంతా తడిసినా ఇటు తిరగలేదు. మేం అంత స్వేచ్ఛనూ ఏం చేసుకున్నామంటే, వరసగా పది ప్రశ్నలకూ 'చాలా బాగుంది' అని టిక్కులు పెట్టేసి క్యాంటీన్‌కు పోయాం. ఇంటర్నల్ మార్కులు ఆవిడ చేతిలోనే ఉన్నాయి మరి.

ఇక నా ప్రాజెక్టు సంగతి. మాది నగరి. ఇంట్లో నాలుగు మరమగ్గాలు. మగ్గాల శబ్దానికీ మనుషుల చిరాకుకూ సంబంధం ఉందేమో కనుక్కుంటానని నేనే ఉత్సాహపడి చెప్పాను. నలభై మంది చేత ప్రశ్నల ఫారం నింపించాలి. మా వీధిలోనే రెండు రోజుల్లో ముగించాను. ఎందుకు ముగియదు? అందరూ అత్తలూ మామలే. "నువ్వు ఏం రాయమంటే అది రాస్తాం, చెప్పు పాపా" అన్నారు. ఎదురింటి అత్త మగ్గం చప్పుడుకు మించి గొంతెత్తి, "నాకు కోపమా? ఎవురే చెప్పింది నీకు? నాకు కోపమే రాదు!" అని అరిచి, అడ్డమొచ్చిన మామను ఒక్క నెట్టు నెట్టి, 'ఎప్పుడూ రాదు' అన్న గడిలో టిక్కు పెట్టింది. నలభై ఫారాలూ అంతే. నగరిలో మా వీధి మొత్తం గౌతమబుద్ధులే.

మా అమ్మ కూడా నింపింది. అమ్మ చదివింది మూడో తరగతి. అక్షరాలు కూడబలుక్కుని, ఫారం అంచున ఒక వాక్యం రాసింది: "మేడం గారూ మా పాపకు మంచి మార్కులు వెయ్యండి." నేను దాన్ని చూసుకోకుండానే కట్టలో పెట్టి ఇచ్చేశాను.

మేడం చూశారు. మరుసటి రోజు క్లాసులో ఆ కట్ట విప్పి ఒక్కో ఫారం పైకి చదివారు. క్లాసు పడీపడీ నవ్వింది. అమ్మ వాక్యం కూడా చదివారు. అప్పుడు ఇంకా నవ్వారు. ఆ తర్వాత మేడం మా క్లాసు ఫీడ్‌బ్యాక్ ఫారాలు తెచ్చి పక్కన పెట్టారు. "ఇవి ఈ పాప వాళ్ళ అత్తలు రాసినవి. ఇవి మీరు రాసినవి. తేడా యాడుండాదో సూపించండి" అన్నారు. నవ్వు ఆగిపోయింది. "ఏమడిగినారని కాదు, ఎవురడిగినారని సూసి చెప్తాం మనం. ఈ పాప సొంత మనిషి. నేను మార్కులేసే మనిషిని. రెండు కట్టలూ చెత్తే."

గొప్ప పాఠమే, కాదనను. కానీ నాకు ఆ రోజు పాఠం వినబడలేదు. మా అమ్మ అక్షరాల మీద నవ్విన నవ్వే వినబడింది. ఆ పైన, నన్నెవరూ ఎరగని ఊరికి పోయి మళ్ళీ మొదటినుంచి చేసుకు రమ్మన్నారు. మే నెల ఎండలో నారాయణవనం వీధుల్లో తిరిగాను. మూడో ఇంట్లోనే ఒక ముసలావిడ "నువ్వు నగరి పాపవు కదా, మీ నాయన నాకు వరసకు తమ్ముడు" అని కాఫీ ఇచ్చింది. ఆ ఫారం నేనే చించేశాను. తెలియనివాళ్ళు నలభై మంది దొరికేసరికి కాళ్ళు బొబ్బలెక్కాయి. ఈసారి మాత్రం గడుల్లో టిక్కులు నిజంగా చెల్లాచెదురుగా పడ్డాయి. ఒకాయన 'ఎప్పుడూ వస్తుంది' అన్న గడి నింపి, నీ ప్రశ్నలకు కూడా వస్తుంది అని పక్కన రాశాడు. మేడం దాన్ని చూసి పొంగిపోయి, "ఇదీ జవాబంటే!" అన్నారు.

ఇదంతా మేడంకు చెప్పాలనే ఉండేది. మా అమ్మ రాసింది అందరి ముందు చదవకుండా ఉండాల్సింది అని. చెప్పలేకపోయాను. గురువుతో 'మీరు నా మనసు నొప్పించారు' అని ఎట్లా అంటారు చెప్పండి? అది చెప్పకపోవడం వల్ల, మెచ్చుకోవాల్సిన రెండో మాట కూడా లోపలే ఉండిపోయింది. ఇప్పుడు మా స్కూల్లో పిల్లలకు కాగితాలిచ్చి, 'నీకు ఎవరంటే భయం' అని అడిగి, నేను కిటికీ వైపు తిరిగి నిలబడతాను. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పని పిల్లలు నాలుగైదు వాక్యాలు రాస్తారు. వాటివల్ల ఇద్దరు ముగ్గురు పిల్లలకు మేలు జరిగింది. ఆ నిలబడడం ఎవరి దగ్గర నేర్చుకున్నానో మేడంకు తెలియదు.

పోయిన ఏడు ఫోన్‌లో గొంతు కాస్త తగ్గింది. "వచ్చే ఏడు రిటైరవతా ఉండా పాపా. యాడ తప్పు చెప్పినానో ఒక్కరన్నా చెప్పకుండానే పోతా ఉండా. నువ్వు ఏదో దాచిపెట్టుకోనుండావు. ఆ రోజు నీ మొగం నేను సూసినా" అన్నారు. "రాసి పంపిస్తా మేడం, ఈ వారమే" అన్నాను. రెండు నెలల తర్వాత మళ్ళీ ఫోన్. "నీ వారం ఇంకా అయిపోలేదా?" విసుగొచ్చింది. పిల్లల పరీక్షలన్నాను, ఒంట్లో బాగాలేదన్నాను. రాయలేదు. ఏడాదంతా రాయలేదు.

పోయిన శనివారం కాలేజీలో సంతాపసభ పెట్టారు. మాట్లాడినవాళ్ళందరూ ఆవిడ చాలా మంచి మేడం అన్నారు. చాలా బాగా చెప్పేవారన్నారు. వెనక బెంచీలో కూర్చుని ఏమీ వినబడక నిద్రపోయినవాళ్ళు కూడా అదే అన్నారు. నాకు ఒళ్ళు మండింది. చివర్లో బల్ల మీద దండ వేసిన ఫోటో, దాని ముందు రిజిస్టరు పెట్టి, తలా రెండు మాటలు రాయమన్నారు. నా వంతు వచ్చేసరికి రెండు పేజీలు నిండాయి. అన్నీ 'చాలా మంచి మేడం'. ఒక్కరే రాసినట్టు ఉన్నాయి. నేను పెన్ను తీసుకున్నాను. ఫోటోలో ఆవిడ కళ్ళజోడు మీదుగా నన్నే చూస్తున్నారు. కిందికి చూసుకుంటే నా చెయ్యి అప్పటికే 'చాలా బా' అని రాసేసింది.

కొట్టేశాను. ఫోటోను రెండు చేతులా పట్టుకుని, దండతో సహా గోడ వైపు తిప్పాను.

"ఏం చేస్తా ఉండావే? మతి పోయిందా?" అని నా స్నేహితురాలు చెయ్యి పట్టుకుంది. హాలంతా గుసగుసలు. ముందు వరసలో కూర్చున్న మేడం భర్త లేచి వచ్చారు. తిడతారనుకున్నాను.

"తిప్పనీమ్మా" అన్నారు నా స్నేహితురాలితో. "ఇంట్లో కూడా ఇంతే. చారు ఎట్లుండాదని అడగడం, స్టవ్ దిక్కు తిరిగి నిలబడడం."

నేను రాశాను. బోర్డుకు పాఠం చెప్పారు మేడం, మాకు వినబడలేదు. మామిడిపండు ఉదాహరణ మార్చాల్సింది. మా అమ్మ రాసింది అందరి ముందు చదవకుండా ఉండాల్సింది, నాకు ఇప్పటికీ కోపం. వరండాలో వానకు తడుస్తూ అటు తిరిగి నిలబడ్డారే, నేను నేర్చుకున్నది అదొక్కటే, దాంతోనే బతుకుతున్నాను. వారం అనుకున్నది ఏడాదయింది, క్షమించండి. కన్నీళ్ళు పడి రెండు అక్షరాలు అలుక్కుపోయాయి.

పెన్ను పెట్టేసి, ఫోటోను మళ్ళీ ఇటు తిప్పబోయాను. ఆయన నా చేతిని ఆపారు.

"ఉండనీ పాపా. ముప్పై ఏండ్లుగా బాగుండాదనే చెప్పినా."

జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, రిజిస్టరు తన వైపు లాక్కుని, ఆయన వంగి రాయడం మొదలుపెట్టారు. మేడం గోడ వైపు తిరిగి ఉన్నారు.