గింజ పడిన చేతులు

మా స్నానశాలలో ఆమెను అందరూ మోచేతక్క అనేవారు. వేడి తొట్టిలో మోచెయ్యి ముంచి, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, "నలభై ఒకటి" అనేది. నేను పంపుల మెకానిక్కుని, నా చేతిలో థర్మామీటరు ఉండేది. ఇరవై ఏళ్లలో ఆమె లెక్క అర డిగ్రీకి మించి తప్పలేదు. ఒప్పుకోవాలంటే నాకు ఒళ్లు మండేది గాని, నిజం నిజమే.

అందరిలా అరచెయ్యి ముంచవేమని ఒకసారి అడిగాను.

"ఈ చేతికి నిప్పు తగిలినా తెలీదురా తమ్ముడూ" అని నవ్వుతూ చూపించింది. అరచేతి నిండా మిరియాలంతేసి గట్టి పొక్కులు. పని చేస్తే కాచే కాయలు వేరు, ఇవి వేరు. వీటిని మేం గింజలనేవాళ్లం. మా కొలువులో ఇంతకు మించిన బిరుదు లేదు.

భూమిలోంచి వచ్చే ఊట నీళ్లు మా గొట్టం దగ్గర డెబ్భై డిగ్రీలు. అవి చల్లారే తొట్టిలో కాసేపు నిలిచి స్నానాల గదుల్లోకి పోతాయి. డ్యూటీ ఎక్కే ప్రతి మనిషీ ముందు ఆ నీళ్లు ఒక గ్లాసు తాగాలి. ఎవరు పెట్టారో తెలియదు గాని అది మా పద్ధతి. కుళ్లిన గుడ్డు వాసన, నోట్లో పెట్టుకుంటే ఇనుప ముక్క చప్పరించినట్టుండేది. కొన్నేళ్లు తాగాక అరచేతిలో గింజ లేస్తుంది. అప్పుడు "నీళ్లు పట్టాయి" అనేవాళ్లం. గింజ పడని మనిషి ఊడ్చుకోవాలి, తువ్వాళ్లు మడతపెట్టుకోవాలి. గింజ పడితేనే వేడి తొట్టి దగ్గరికి రానిస్తారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మాకు మాత్రం పెరట్లో నీళ్లను మించిన వైద్యం లేదు.

నమ్మకపోవడానికి కారణమూ లేదు. ఒళ్లంతా పొలుసులు లేచి, చొక్కా తగిలితే విలవిల్లాడే మనుషులు వచ్చేవారు. రోజుకు ఇరవై నిమిషాల చొప్పున మూడు వారాలు నానేవారు. వెళ్లేటప్పుడు పొట్టి చేతుల చొక్కా వేసుకుని వెళ్లేవారు. మోచేతక్క వాళ్లను గుమ్మం దాకా సాగనంపి వచ్చి, తనే నయం చేసినట్టు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేది.

ఆమెకు ఒక్కతే కూతురు. భర్త ఏనాడో పోయాడు. కూతురు తన తర్వాత వేడి తొట్టి మనిషి కావాలని ఆమె ఆశ. అందుకని ఆ పిల్లకు ఆరో ఏటి నుంచే సీసాలో ఊట నీళ్లు ఇంటికి మోసుకెళ్లి పొద్దున్నే ఒక గ్లాసు తాగించేది. ఆ పిల్ల ముక్కు మూసుకుని గుటకలు మింగడం నేను నా కళ్లతో చూశాను. ఇరవయ్యో ఏట పనిలో చేరింది. ఆ ఏడే బొటనవేలి మొదట్లో గింజ లేచింది. తల్లి దాని చెయ్యి పట్టుకుని బట్టలు మార్చుకునే గదిలో అందరి ముందూ తిప్పింది.

"చూశారా! నా కడుపున పుట్టిన పిల్లనిపించుకుంది."

మేం చప్పట్లు కొట్టాం. నేను అందరికంటే గట్టిగా కొట్టాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

అదే ఏడు మోచేతక్క ఉంగరపు వేలి కింద ఒక గింజ చిట్లి పుండైంది. రోజూ తొట్టిలో నానబెట్టుకునేది. ఆ నీళ్లు పైన కట్టిన పక్కును మెత్తబరిచి ఊడదీస్తాయి. దాంతో నానిన ప్రతిసారీ పుండు శుభ్రంగా, ఎర్రగా కనబడేది. "మానుతోంది" అనేది. ఎనిమిది నెలలు అలాగే మానింది!

అప్పుడు చర్మం డాక్టరమ్మ ఒకామె పరిశోధన కోసమని మా దగ్గరికి వచ్చింది. స్నానానికి ముందు, తర్వాత రోగుల చర్మం ఎంత తేమగా ఉందో చిన్న మిషను పెట్టి రాసుకునేది. నీళ్లలో గంధకం ఉందని, అది పొలుసుల్ని మెత్తబరిచి సూక్ష్మజీవుల్ని తగ్గిస్తుందని నాకు ఓపిగ్గా చెప్పింది. మోచేతక్క ఆమెకు తువ్వాలు అందించింది. డాక్టరమ్మ తువ్వాలు వదిలేసి చెయ్యి పట్టుకుంది. వెలుతురులోకి తిప్పి చూసి, "రేపు ఆస్పత్రికి రండి" అంది.

తోడు నేను వెళ్లాను. ముక్క తీసి పరీక్షకు పంపారు. వారం తర్వాత డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

"ఇది క్యాన్సరమ్మా. రెండు వేళ్లు తీసెయ్యాలి. మీ నీళ్లు కూడా పరీక్ష చేయించాను. వాన నీరు లోతుకు దిగి వేడి రాళ్ల మధ్య తిరిగేటప్పుడు గంధకంతో పాటు ఆర్సెనిక్‌ని కూడా కరిగించుకుని వస్తోంది. పాతకాలం వాళ్లు పాషాణం అనేవాళ్లే, అదే."

"ఆ నీళ్లకు ఎంతమందికి నయమైందో ఈమెనే అడగండి!" అని నేను గొంతు పెంచాను.

"నయమవుతుంది. చర్మం గోడ లాంటిది, ఇరవై నిమిషాల్లో లోపలికి రానిచ్చేది చాలా తక్కువ. వాళ్లు నానారు, వెళ్లిపోయారు. మీరు రోజూ తాగారు. ఆ విషం ముందు బయటపడేది అరచేతుల్లోనే, ఈ గింజల్లాగే."

నా అరచేతిలో ఐదున్నాయి. పిడికిలి బిగించాను.

"ఇంట్లో ఇంకెవరైనా తాగుతున్నారా?"

"ఎవరూ లేరమ్మా" అంది మోచేతక్క.

బయట బెంచీ మీద నేను అగ్గిమీద గుగ్గిలమయ్యాను. "ఆ పిల్ల సంగతి ఎందుకు దాచావక్కా? బుద్ధుందా నీకు?"

"తెలిస్తే దాన్ని తొట్టి దగ్గర్నుంచి తీసేస్తారు" అంది. చెయ్యి కొంగులో దాచుకుంది. "కన్నతల్లిని, నా చేత్తో పోశాను. ఏ మొహం పెట్టుకుని చెప్పనురా?"

నేనూ లోపలికి వెళ్లి చెప్పలేదు. ఆమె చెప్పాల్సిన మాట అనుకున్నాను. పిరికితనానికి మర్యాద అని పేరు పెట్టుకోవడం నాకు బాగా వచ్చు. గ్లాసు మాత్రం ఆ రోజే మానేశాను, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. డాక్టరమ్మ రాసిన కాగితం ఇంకా పైవాళ్ల దగ్గరే ఉంది, మిగతావాళ్లు తాగుతూనే ఉన్నారు.

వేళ్లు తీసిన మూడో రోజు కూతురు డ్యూటీ నుంచి తిన్నగా ఆస్పత్రికి వచ్చింది. ఇంకా గంధకం వాసన వస్తోంది.

"నువ్వు లేవని ఈ మధ్య రెండు గ్లాసులు తాగుతున్నానమ్మా. నీ వంతు కూడా నేనే" అంది, తల్లి సంతోషిస్తుందని.

మోచేతక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. కట్టు మార్చడానికి డాక్టరమ్మ అప్పుడే వచ్చింది. మోచేతక్క ఎడమచేత్తో కూతురి మణికట్టు పట్టుకుని లాగి, అరచెయ్యి విప్పి ముందుకు చాపింది.

"ఆ రోజు అబద్ధం చెప్పానమ్మా. ఇది నా కూతురు. ఆరో ఏటి నుంచీ నేనే తాగించాను. ఒక్క రోజు కూడా మాననివ్వలేదు."

డాక్టరమ్మ చెప్పిందంతా విని ఆ పిల్ల తల్లి కట్టు వైపు చూసింది. తర్వాత మెల్లగా అంది.

"లేదమ్మా. నువ్వు అటు తిరగ్గానే సగం పారబోసేదాన్ని."

"నిజంగానా? నా మీద ఒట్టెయ్యి."

"నీ మీద ఒట్టు. చాలా రోజులు పారబోశాను."

మోచేతక్క పెద్దగా ఏడ్చింది. ఏడుస్తూనే, మంచి పని చేశావే తల్లీ అంటూ దాని తల నిమిరింది. డాక్టరమ్మ మాత్రం ఆ పిల్ల అరచేతిలో గింజల్ని వేలితో తడుముతూ లెక్కపెడుతూనే ఉంది.