ఉరికే సేటు, పసుపు కార్డులు

మా తాత రామలింగం సేటుకు ఉన్నది ఒకటే జబ్బు. ఎక్కడ మారథాన్ పెట్టినా పోయి ఉరుకుతాడు. ఉరికిన ఊరి నుంచి బొమ్మకార్డు రాస్తాడు. వరంగల్ స్టేషన్ రోడ్డులో గిన్నెల దుకాణం ఉన్నవాడు, యాభై దాటినవాడు, ఎవరూ తరమకుండానే ఎందుకు ఉరుకుతాడో బజారులో ఎవరికీ అర్థం కాలేదు. మొదట్లో ఆయన పొద్దున్నే చౌరస్తా దాటి ఉరుకుతుంటే, వెనక పోలీసులేమైనా వస్తున్నారా అని చాయ్ తాగేవాళ్లు తొంగి చూసేవారట. పందొమ్మిది వందల ఎనభైలు వచ్చేసరికి పుణె, మద్రాసు, ఢిల్లీ అని సంచి భుజాన వేసుకొని తిరగడం మొదలుపెట్టాడు.

ఇంటికి వచ్చే కార్డు మీద ఎప్పుడూ మూడే మాటలు: ‘చేరిన. ఉరికిన. వస్తున్న.’ అయితే కార్డు కన్నా తాతే ముందు వచ్చేవాడు. వచ్చి అరుగు మీద కూర్చొని, తన కార్డు కోసం తనే ఎదురు చూసేవాడు. పోస్టు రాగానే కళ్లద్దాలు పెట్టుకొని, ఎవరో దూరపు చుట్టం రాసినట్టు ఇంటిల్లిపాదికీ చదివి వినిపించేవాడు. ‘వస్తున్న’ దగ్గర కాసేపు ఆగి అందరి మొహాలూ చూసేవాడు.

“అచ్చి నాలుగొద్దులాయె. ఇంకెక్కడికెల్లి వస్తరు?” అనేది మా బాపమ్మ రాజేశ్వరి.

బాపమ్మ దేన్నీ ఊరికే నమ్మదు. పాలవాడు తన ముందే బర్రెను పిండినా, బర్రె ఏం తాగి వచ్చిందో అడుగుతుంది. తాత ఉరుకుడు మీద ఆమె పెట్టిన షరతు ఒక్కటే: దారిలో ఎక్కడైనా పడితే ఆ బూట్లు ఆ రోజే పొయ్యిలోకి పోతాయి. తాత ఎన్నడూ పడలేదని చెబుతాడు. అదీ నమ్మలేదు.

అసలు అనుమానం తెచ్చిపెట్టింది మల్లికార్జున్. తాతతో పాటు ఉరకడానికి పుణె పోయిన కుర్ర మాస్టరు. సేటు అక్కడ కట్టలకు కట్టలు బొమ్మకార్డులు కొన్నాడని మెచ్చుకోలుగా చెప్పాడు పాపం. ఒకటి ఇంటికి వచ్చింది. ఒకటి దాచుకోవడానికి తాత ట్రంకు పెట్టెలో పడింది. తక్కినవి ఏమైనట్టు?

“తడిసినయే,” అన్నాడు తాత.

“పుణెల వాన పడ్డదా?”

“చెమట.”

బాపమ్మ ఇంకేం అడగలేదు. ఆమె అడగడం మానేసిందంటే వెతకడం మొదలుపెట్టిందని అర్థం. మద్రాసు నుంచి వచ్చినప్పుడు తాత బొటనవేలు పచ్చగా ఉంది. ఉరకడానికి పోయినవాడి వేలికి పసుపెందుకు? సంచి దులిపితే అడుగు నుంచి ఒక బొమ్మకార్డు రాలింది. నాలుగు మూలలా పసుపు. అడ్రసు తొర్రూరు దారిలోని ఒక చిన్న ఊరిది. పేరు కట్టమ్మ.

పసుపు పెట్టిన కార్డంటే లగ్గం ముచ్చటే కదా. ఈ వయసులో ఎవరి లగ్గం? బాపమ్మ ఆ పూట వంటలో ఉప్పు రెండుసార్లు వేసింది. మర్నాడు పెండ్లినాటి పట్టుచీర కట్టి, ఉన్న బంగారమంతా దిగేసుకొని తొర్రూరు బస్సెక్కింది. అసలు పెండ్లాం ఎట్లుంటుందో ఆ కట్టమ్మ కళ్లారా చూడాలి.

కట్టమ్మ గుమ్మంలో కూర్చొని ఉంది. నోట్లో ఒక్క పన్ను లేదు, తాత కన్నా ఇరవై ఏండ్లు పెద్ద. వెనక గోడకు అన్నం మెతుకులతో అతికించిన, కిందటేడు వచ్చిన మద్రాసు సముద్రం కార్డు.

“సేటు పెండ్లానివా బిడ్డా? రా, కూసో. గీ నీళ్లన్నీ యాడియో, ఇగ ఒడువయా?” అంది ముసలమ్మ, గోడ మీది సముద్రాన్ని చూపిస్తూ.

బాపమ్మ కూర్చోలేదు. పక్కింటికి పోయింది. ఆ ఇంటి మొగిలమ్మ గుమ్మం మీదా సముద్రమే. ఎదురింట్లో ఎర్రకోట. ఆ పక్క కొట్టంలో పుణె కోట, పైన నాలుగు మూలలా పసుపు. ఒక సవతి కోసం వచ్చిన మనిషికి ఊరు ఊరంతా సవతులే కనిపించేసరికి, పట్టుచీరతోనే అరుగు మీద కూలబడింది.

ఆ ఊరి పోస్టాఫీసంటే యాకయ్య ఇంటి ముందు గది. పోస్టు పంచేదీ ఆయనే. బంగారం వేసుకున్న మనిషి వచ్చిందని విని పరుగెత్తుకొచ్చి, భయపడుతూనే సంగతంతా చెప్పాడు. తాత ఒకనాడు ఆ దారిన ఉరుకుతూ పిక్క పట్టేసి రోడ్డు పక్కన పడిపోయాడట. కట్టమ్మే కాళ్లు గుంజి సరిచేసి, జొన్న అంబలి తాగించిందట. అప్పుడే తెలిసింది, ఊరికి ఉత్తరాలే రావడం లేదని ఆ పోస్టాఫీసు ఎత్తేస్తారని. ఎత్తేస్తే ముసలోళ్ల పింఛను మనియార్డర్లు తొర్రూరుకు నడిచిపోయి తెచ్చుకోవాలి. అప్పటి నుంచి సేటు ఏ ఊరు పోయినా ఇంటింటికీ కార్డు రాస్తున్నాడు.

“మరి పసుపెందుకు?”

“మా ఊరికి కార్డొస్తె సావు కబురేనమ్మా. మొదటి కార్డు సూడంగనే కట్టమ్మ శోకం పెట్టింది, వాడంతా పోగై ఏడ్సిండ్రు. నేను సదివి సెప్తె ఏమున్నది, ‘చేరిన, ఉరికిన’ అని. గప్పటికెల్లి పసుపు పెడ్తాండు.”

“నాకెందుకు చెప్పలే?”

యాకయ్య గొంతు తగ్గించాడు. “పడ్డనని తెలిస్తె బూట్లు పొయ్యిల పెడ్తరట గద.”

బాపమ్మ కట్టమ్మ ఇంట్లో అంబలి తాగి బస్సెక్కింది. ఇంటికొచ్చి ఎవరికీ ఏమీ చెప్పలేదు. తాత ఢిల్లీకి బయలుదేరే రోజు మాత్రం సంచిలో ఒక పసుపు పొట్లం పెట్టింది. తాత పొట్లం చూశాడు, పెండ్లాం మొహం చూశాడు, పొయ్యి వంక చూశాడు. రైలెక్కేదాకా బూట్లు చంకలోంచి తీయలేదు.

తిరిగొచ్చాక అలవాటు ప్రకారం అరుగు మీద కూర్చొని ఎదురు చూశాడు. కార్డు వచ్చింది. ఒక మూల మాత్రం కొంచెం పసుపు, మిగతా మూడూ బోడి.

“చేరిన. ఉరికిన. వస్తున్న,” అని చదివి తాత గబగబా కార్డు మడవబోయాడు.

“ఇంకేదో రాసినట్టున్నది. చదువుండ్రి.”

తాత కళ్లద్దాలు తీసి తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

“పసుపు నిండుకున్నది.”

బాపమ్మ కార్డు చేతిలోంచి తీసుకొని వంటింట్లోకి పోయింది. మిగిలిన మూడు మూలలకూ తనే పసుపు రాసి, అన్నం మెతుకులతో పొయ్యి పైన గోడకు అతికించింది.