మా మేనత్త శోకంలో అబద్ధాలు

నా చిన్నప్పుడు బెల్లంపల్లిలో మా ఇంగ్లిష్ సారు సాహిత్య పదాలన్నింటినీ ఒక్క పీరియడులో, ఊపిరి తీసుకోకుండా చెప్పేశారు. ఉన్నదాన్ని కొండంత చేసి చెబితే హైపర్‌బొలీ. మనసులో ఒకటి పెట్టుకుని పైకి దానికి ఎదురుమాట అంటే ఐరనీ. లేని మనిషిని ఎదురుగా ఉన్నట్టే పిలిచి మాట్లాడితే అపాస్ట్రఫీ. రేపు ఒక్కొక్కదానికి మీ ఇంట్లోంచే ఉదాహరణ తెండి అన్నారు. మా ఇంట్లో జొన్నలు తప్ప ఇంకేవీ ఉండవని నా నమ్మకం.

మర్నాడు బడికి పోలేదు. మా దగ్గర బొగ్గుగనిని బాయి, నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటారు. బాయిలో పైకప్పు కూలి మా బాపు పోయాడు. పొద్దున్నే నలుగురు మోసుకొచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. ముఖం మీది గుడ్డ తీయవద్దని చెప్పారు. ఎవరూ తీయలేదు.

మా అవ్వ ఏడవలేదు. గోడకు ఆనుకుని, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు కూర్చుంది. చంటి చెల్లె ఆకలికి గుక్కపట్టినా చేయి చాపలేదు. ఒడిలో పెడితే పట్టుకోలేదు. పక్కింటి అక్క చక్కెరనీళ్లు గుడ్డతో పిండితే చెల్లె ఉమ్మేసింది. "గిట్లనే బిగవట్టుకుంటే పాలు ఎండిపోతయి, పిల్ల దక్కది" అని ముసలమ్మలు గొణుక్కున్నారు. గొణుగుడు అందరికీ వినబడింది, మా అవ్వకు తప్ప.

మధ్యాహ్నానికి ఊరి నుంచి మా మేనత్త వచ్చింది. బాపుకు అక్క. పోయినవాళ్లను తలచి రాగంతో శోకం తీయడంలో ఆమె పేరు పెద్దది. చుట్టుపక్కల చావు జరిగితే ముందు ఆమెకే కబురు, తర్వాతే చుట్టాలకు. తమ్ముణ్ణి చూసింది, చెల్లెను చూసింది, మా అవ్వ ఎదురుగా కూర్చుని శోకం అందుకుంది.

"ఓ తమ్ముడా! గుర్రమెక్కి బాయికి పోతివి కదరా, తమ్ముడా! నీ పెండ్లానికి పట్టుచీరలు పెడితివి కదరా! కల్లు ముంత కంట జూడకపోతివి కదరా!"

జనం ముఖాలు చూసుకున్నారు. కల్లు అమ్మే ఆయన తల వంచుకున్నాడు. "గీ శోకం ఎవల పీనుగుదే? మర్చిపోయి మనింటికి పట్కచ్చిందా?" అంది వెనక నుంచి ఒకామె. మేనత్త ఆగలేదు. "నేతిబువ్వ కడుపునిండ తిని పోతివి కదరా, తమ్ముడా!"

మా అవ్వ తల తిప్పింది.

"ఏం నెయ్యి వదినా? గట్లెట్లంటవ్? ఏం గుర్రం? చెప్పు తెగితె సుతిలి కట్టుకొని నడిసి పోయిండు. సద్ది సుత సగమే తిన్నడు. పాలిచ్చేదానివి, నువ్వు తినమని సగం నాకే ఉంచి పోయిండు..."

అక్కడ మాట తెగిపోయింది. తర్వాత వచ్చిన ఏడుపుకు వాకిట్లో అందరం ఒక అడుగు వెనక్కి జరిగాం. ఆ ఏడుపులోనే చేయి చాపి చెల్లెను లాక్కుని రొమ్ముకు పెట్టుకుంది. చెల్లె తాగుతున్న చప్పుడు విని మేనత్త శోకం ఆపేసింది. పని అయిపోయిన మనిషిలా కొంగుతో ముఖం తుడుచుకుంది.

కాటి నుంచి వచ్చాక నేను నీళ్ల కోసం పెరట్లోకి పోతే ఆమె కట్టెల మోపు పక్కన ఒక్కతే ఉంది. నోట్లో కొంగు కుక్కుకుని ఊగుతోంది. రాగం లేదు, ఒక్క మాట లేదు. ఊరందరికీ శోకం తీసిన మనిషికి ఆ పూట అబద్ధం చెప్పిపెట్టేవాళ్లు లేరు.

తర్వాత బడికి పోతే సారు నన్ను ఉదాహరణలు అడగలేదు. కూర్చోమన్నారు. పెద్దయ్యాక ఆ పదాలే కాలేజీలో పాఠం చెప్పి బతికాను. పుస్తకంలోని ఉదాహరణలే చెప్పాను.

ఇప్పటికీ చావింటికి పోతే ఓదార్చడం నాకు చేతకాదు. ఎవరైనా బిగుసుకుని కూర్చుంటే పక్కన చేరి, పోయినాయన గురించి ఒక తప్పు మాట అంటాను. సరిదిద్దేదాకా ఆగుతాను. ఈ ముసలాయనకు జ్ఞాపకం పోయిందని నలుగురూ అనుకుంటున్నారు. అననీ.