వానక్క డెబ్బై శాతం

ఊరంతా ఆవిడను వానక్క అని పిలుస్తారు. వాతావరణ కేంద్రంలో పరిశీలకురాలిగా పందొమ్మిదేళ్ల సర్వీసు. కేంద్రం అనగానే గొప్పగా ఊహించుకోవద్దు. రెండు గదులు, ఒక బల్ల, ఒక కాలికింద ఇటుక పెట్టిన కుర్చీ, వెనకాల కంచె వేసిన జాగాలో గాలి దిక్కు చూపే బాణం, నేలలో సగం పాతిన వర్షమాపకం. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు వానక్క దాని మూత తీసి, లోపల పడ్డ నీటిని కొలగ్లాసులో పోసి, కంటికి సమానంగా ఎత్తి చూసి రిజిస్టరులో అంకె వేస్తుంది.

అంతకు ముందు ఇంట్లో పది నిమిషాలు కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటుంది. పిల్లల చదువులు, అత్తగారి మోకాళ్లు, డ్రైవరుగా చేసే భర్త బస్సు బ్రేకులు, అన్నీ ఆయనకే అప్పజెప్పేస్తుంది. వాన మాత్రం అడగదు.

"అదేమిటే, అందరూ అడిగేది అదేగా?" అన్నారు ఒకసారి అత్తగారు.

"కొలిచేది నేను కదా అత్తయ్యా. అడిగిందీ నేనే, కొలిచిందీ నేనే అయితే నా లెక్క ఎవరు నమ్ముతారు?"

ఆ ఏడాది రెండు నెలలు చినుకు లేదు. కుళాయిలు మూడు రోజులకోసారి దగ్గి ఊరుకునేవి. అలాంటి ఒక ఉదయం మునిసిపల్ ఛైర్మన్ గారు కారు వీధి చివరే వదిలేసి, ఒంటరిగా నడుచుకుంటూ కేంద్రానికి వచ్చారు.

"వానక్కా, ఈ వారంలో వాన పడే రోజేదమ్మా?"

"గురువారం మధ్యాహ్నం తర్వాత డెబ్బై శాతం అవకాశం ఉందని పైనుంచి అంచనా వచ్చిందండీ."

"డెబ్బై అంటే ఫస్టు క్లాసేగా! అయితే గురువారం మూడింటికి స్టేడియంలో వాన కోసం ప్రార్థన. నా అధ్యక్షతన."

వానక్కకు నవ్వాగలేదు. "ప్రార్థన చేసుకోండి, మంచిదే. రోజు నన్నడిగి పెట్టడమెందుకండీ?"

"దేవుడి వీలు కూడా చూడాలి కదమ్మా!" అని ఆయన చక్కా పోయారు.

మర్నాడు ఫిజిక్సు మాస్టారు వచ్చారు. రిటైరై విజ్ఞాన సంఘం నడుపుతున్నారు. ప్రార్థన సంగతి వినగానే ఆయన ఒళ్లు మండిపోయింది.

"గురువారం వాన పడకుండా ఉండే అవకాశం ఎంత?"

"ముప్పై శాతం మాస్టారూ."

"చాలు! అదే మూడింటికి మార్కెట్టు వీధిలో మా సభ. ప్రార్థనకూ వానకూ సంబంధం లేదని ఊరి ముందే తేల్చేస్తా."

"వాన పడకపోతే సంబంధం లేదని తేలినట్టైతే, పడితే ఉన్నట్టు ఒప్పుకుంటారా మరి?"

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నువ్వు నా దగ్గర చదువుకున్నావా?"

"చదివానండీ. వెనక బెంచీ."

"అదీ సంగతి," అని లేచి వెళ్లిపోయారు.

గురువారం మూడూ ఇరవైకి ఆకాశం తూర్పు వైపు నల్లబడి, మార్కెట్టు వీధి మీద కుండపోతగా కురిసింది. "వానకు కారణం మేఘాలే" అని రాసిన మాస్టారి బ్యానరు రంగు కారిపోయి ఆయన తెల్లచొక్కా మీదికి దిగింది. ఊరికి పడమటనున్న స్టేడియంలో మాత్రం ఒక్క చుక్క పడితే ఒట్టు. నమ్మకంగా గొడుగు పట్టుకుని ప్రార్థనకు వెళ్లిన అత్తగారు, దాన్ని తెరవకుండానే ఇల్లు చేరి, మూలకు విసిరేశారు.

శుక్రవారం వానక్క కొలిస్తే పద్నాలుగు పాయింట్ రెండు మిల్లీమీటర్లు. అంకె ఇంకా ఆరకముందే ఇద్దరూ గుమ్మంలో ఉన్నారు. మార్కెట్టు వీధికీ కేంద్రానికీ మధ్య ఒక్క గోడే అడ్డం.

"ప్రార్థన ఫలితంగా ఊళ్లో పద్నాలుగు మిల్లీమీటర్ల వాన కురిసిందని ఒక కాగితం ఇవ్వమ్మా," అన్నారు ఛైర్మన్.

"స్టేడియంలో సున్నా అని రాసివ్వు," అన్నారు మాస్టారు తుమ్ముతూ.

"రెండూ రాయలేనండీ. స్టేడియంలో వర్షమాపకం లేదు, కొలవనిదాన్ని సున్నా అనలేను. ఊళ్లో పద్నాలుగు అనీ అనలేను. ఈ కంచెలో పడింది పద్నాలుగు పాయింట్ రెండు. నాకు తెలిసింది అంతే."

ఛైర్మన్ గొంతు తగ్గించారు. "బదిలీ అనే మాట విన్నావా?"

వానక్క కలానికి మూత పెట్టింది. నిబ్బరంగానే అంది: "విన్నానండీ. నా తర్వాత వచ్చేవాళ్లు కూడా ఈ కంచెలోదే కొలుస్తారు. ఊరి సంగతి నిజంగా కావాలంటే వార్డుకో వర్షమాపకం పెట్టించండి."

ఛైర్మన్ ముఖం వెలిగింది. ఏడు వార్డులు. ఏడు ప్రారంభోత్సవాలు. ఏడు శిలాఫలకాలు! బదిలీ మాట అక్కడే ఆవిరైపోయింది. వార్డులవాళ్లకు కొలవడం నేర్పే బాధ్యత మాస్టారు మీదేసుకున్నారు, శిలాఫలకంలో తన పేరు అక్కర్లేదని రెండుసార్లు చెప్పి మరీ.

పడమటి వార్డు వర్షమాపకానికి ఎవరూ ముందుకు రాకపోతే అత్తగారే పూనుకున్నారు. మూత తీసే ముందు దణ్ణం పెట్టుకుంటారు, తీశాక సున్నా ఉంటే సున్నాయే వేస్తారు. అర మిల్లీమీటరు దగ్గర మాస్టారికీ ఆవిడకూ ప్రతి వారం వాగ్వాదం.

"ఓ అర కలిపి రాస్తే ఏం పోతుందండీ?" అని మాస్టారు ఒకసారి ఆవిడను పరీక్షించబోయారు.

"దేవుడు చూస్తుండగా అబద్ధం రాయమంటావా? మాస్టారివేనా నువ్వు?"

వానకాలం ముగిసేసరికి వానక్క ముందు ఏడు వరసల అంకెలు చేరాయి. వాటిని ఊరి పటం మీద వేసి చూసి తల పట్టుకుంది. తూర్పున పడినదాంట్లో పడమటి వార్డుకు సగం కూడా లేదు. పందొమ్మిదేళ్లుగా తను పైకి పంపిన "ఊరి వర్షపాతం" ఊరిది కానే కాదు. ముందు సిగ్గేసింది. తర్వాత ఒంటరిగా కూర్చుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంది.

ఆ పటం చూపించాక పడమటి బావులు ఎండేది ఎందుకో అందరికీ అర్థమై, ఆ వార్డుకు కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు ఇవ్వడం మొదలుపెట్టారు. ప్రార్థన ఫలించిందని ఛైర్మన్ చెప్పుకున్నారు. విజ్ఞానం గెలిచిందని మాస్టారు చెప్పుకున్నారు. వానక్క ఎవరినీ కాదనలేదు. నీళ్లు వస్తున్నాయి కదా అనుకుని, పై ఆఫీసుకు ఉత్తరం రాసింది:

"అయ్యా, ఇన్నేళ్లుగా ఊరి వాన అని నేను పంపినది మా ఆఫీసు పెరటి వాన మాత్రమే. దయచేసి సరిదిద్దుకోగలరు."

మూడు నెలలకు జవాబు వచ్చింది. మీ ఉత్తరం అందింది, గత నెల ఊరి వర్షపాతం వెంటనే పంపగలరు, అని.