వదిన పాటను దాచిన అన్నయ్య

మా పై అంతస్తు అన్నయ్య పోయిన మంగళవారం నిద్రలోనే కన్నుమూశారు. పొద్దున్నే వదిన కిందికి దిగి వచ్చి మా తలుపు తట్టింది. నా చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళింది. గొంతు ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమెకు మాట లేదు. మంచం దగ్గర నన్ను నిలబెట్టి నా ముఖంలోకి చూసింది. అంతే.

మాకు రక్తసంబంధం లేదు. ఆయనది వరంగల్, మాది కరీంనగర్. జర్మనీలోని ఈ కార్ల్స్‌రూహెకు కొత్తగా వచ్చినప్పుడు ట్రామ్ టికెట్ తీసుకోవడం దగ్గర నుంచి నాకు ఆయనే నేర్పారు. ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తే, కింది ముసలావిడ నిద్ర చెడుతుందని బూట్లు చేత పట్టుకుని మెట్లెక్కేవారు. నేను దేనికైనా కంగారుపడితే, "నిదానంగ చెల్లె, దేవుడు యాడికి పోడు" అనేవారు.

శనివారం భజనల్లో ముందు పాడేది వదినే, ఆమె వెనుక మేము అందుకునేవాళ్ళం. అన్నయ్య ప్రతి పాటా రికార్డు చేసి, కెల్లర్‌లో, అంటే బిల్డింగు నేలమాళిగలో, తమ సామాన్ల గదిలో ఉన్న పాత సర్వర్‌లో దాచేవారు. నాలుగు డిస్కుల నల్ల పెట్టె అది. "ఒకటి ఖరాబైనా మిగిలినయి కాస్తయ్" అని ఆయన ధీమా. ఆపరేషన్ తరువాత వదిన గొంతు మిగిలింది అందులోనే. సాయంత్రం ఆయన ఒక పాట పెట్టేవారు. వదిన కూరగాయలు తరుగుతూ వినేది.

దసరాకు ఆయుధపూజలో ఆ పెట్టెకూ పసుపు కుంకుమ పెట్టి అగరుబత్తి వెలిగించేవారు. కిందటేడు అది ఉన్నట్టుండి ఆగిపోయింది. పవర్ సప్లై పోయిందన్నారు. నేను టార్చి పట్టుకున్నాను. విప్పి చూస్తే దాని ఫ్యాన్ రెక్కలు కుంకుమ పేరుకుని ఎర్రగా ఉన్నాయి.

"చూసినవా చెల్లె, అమ్మవారు లోపట్నే కూసున్నది!"

"ఇక దానికి బొట్టు పెట్టకండి అన్నయ్యా."

"గట్లెట్ల? పెడ్త. ఫ్యాన్ జాలీ మీద కాకుంట పక్కకు పెడ్త."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన కొత్త పవర్ సప్లై బిగించారు. డిస్కులకు వెళ్ళే తీగలు మాత్రం పాతవే ఉంచారు. షుగరు వల్ల ఆయన వేళ్ళకు స్పర్శ తగ్గింది. ఆ ఇరుకులో చెయ్యి పెట్టి వాటిని లాగడం కష్టమైంది. "మంచిగనే ఉన్నయి గద, ప్లగ్గు గూడ పడుతున్నది" అన్నారు.

ప్లగ్గు పట్టింది. కానీ పాత తీగలు వేరే కంపెనీవి, వాటిలో కరెంటు వచ్చే వరుస వేరు. స్విచ్చి వెయ్యగానే కాలిన వాసన వచ్చింది. నాలుగు డిస్కులూ ఒక్కసారే పోయాయి.

ఆయన నేల మీద కూలబడిపోయారు. వదిన దిగి వచ్చింది.

"నీ గొంతు నా చేతులతోనే పోగొట్టిన" అన్నారు.

వదిన ఆయన భుజం పట్టి లేపింది. పెదవులు మాత్రం కదిపింది: "అన్నం తిందాం రా."

డిస్కులను బాగుచేసేవాళ్ళకు పంపితే ఏమీ తియ్యలేమన్నారు. ఆ తరువాత అన్నయ్య ఆదివారాలు ట్రామ్ ఎక్కి, భజనకు వచ్చే ఇళ్ళన్నీ తిరిగారు. "మీ ఫోన్ల మా ఆమె పాట ఏమన్న ఉన్నదా?" అని అడిగారు. అందరం వెతికాం. ఎవరి పిల్లలను వాళ్ళు తీసుకున్న వీడియోలే అన్నీ. వదిన పాట ఆ అల్లరి అడుగున ఎక్కడో పడిపోయింది. మ్యూనిక్‌కు మారిన ఒక కుటుంబం దగ్గరకు కూడా వెళ్ళొచ్చి, మెట్ల మీద నాకు ఎదురయ్యారు. "వాళ్ళ తాన గూడ లేదు చెల్లె." నాతో ఆయన అన్న ఆఖరి మాట అది.

ఒక్క పాటైనా దొరకాలని నేను రోజూ దేవుణ్ణి అడిగాను. దొరకలేదు. ఎందుకో నాకు తెలియదు. దీపం పెట్టడం మాత్రం మానలేదు.

దహనశాలలో మాకు కేటాయించిన సమయం, ఇక్కడి మాటలో టెర్మిన్, చాలా చిన్నది. తరువాతి వాళ్ళు అప్పటికే బయట నిలబడి ఉన్నారు. ఒక కీర్తన పాడాలనుకున్నాం, కానీ వదిన ఎదుట మొదలుపెట్టే ధైర్యం ఎవరికీ రాలేదు. అప్పుడు ఆమె శవపేటిక దగ్గరకు వెళ్ళి, దాని మీద చెయ్యి ఉంచి, కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. ఏ కీర్తనో ఆ కదలికను బట్టే మాకు తెలిసింది. చప్పుడు లేదు. ఆమె పెదవులు ఆగేదాకా ఆగి, ఆ చరణాన్ని మేము అందుకున్నాం. ఆమె రెండో చరణం మొదలుపెట్టింది. మేము మళ్ళీ ఆగాం.