కోత మిషన్ దిగుతుంది

పోలీసు ఉద్యోగంలో చేరి ఎన్నో ఏళ్లయినా, నన్ను సోషల్ మీడియా విభాగంలో వేశాకే మా అమ్మకు నా పని మీద అనుమానం పుట్టింది. “చిన్నప్పుడు పక్కింటి కిటికీలోకి తొంగిచూస్తే నీ వీపు వాయించినాను. ఇప్పుడు దానికే జీతమిస్తా ఉండారా మే?” అంది. నవ్వాను గానీ ఆ మాట లోపల గుచ్చుకుంది.

తొంగిచూడ్డానికీ మాకు నిబంధనలున్నాయి. పదిమందికీ కనిపించేలా పెట్టింది చదవొచ్చు. తమలో తాము మాట్లాడుకునే గ్రూపులోకి మారుపేరుతో దూరాలంటే మాత్రం కారణం రాసి, పైఅధికారి సంతకం తీసుకోవాలి. కేసుకు సంబంధం లేనిది చెరిపేయాలి. నాకవి నచ్చాయి. లాఠీకి ఉన్న హద్దు కంటికీ ఉండొద్దా?

ఆ ఏడు వరికోతలప్పుడు మా ఎస్సై గారు ఒక పోస్టు చూపించారు. ఆయనది మా ప్రాంతం కాదు, పట్నంలో పెరిగిన మనిషి. నాయుడుపేట వైపు కుర్రాడొకడు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాడు. “రేపు తెల్లారేసరికి మిషన్ దిగుతుంది. చిట్టమూరు దాకా ఒక్కటీ మిగలకూడదు. మన గ్రూపులో వాళ్ళకే చెప్పండి. బయట తెలిస్తే దారిలోనే ఎత్తుకుపోతారు.”

“మిషనంట, గ్రూపంట. చూశారా?” అన్నారాయన. పోస్టు పెట్టిన కుర్రాడిది ముస్లిం పేరు. దాన్ని ఆయన రెండోసారి చదివిన తీరు నాకు నచ్చలేదు. “మీరు రైతునని చెప్పి మారుపేరుతో ఆ గ్రూపులో చేరండి.”

“సంతకం అయిందా సార్?”

“ముందు చేరండమ్మా, సంతకానిదేముంది!”

నాకు కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. నేను కొడవలూరు పక్క వరి పండించే ఇంట్లో పుట్టినదాన్ని. “సార్, అది కోత మిషన్! కుట్టు మిషన్, పిండి మిషన్ అనమా? పలికినట్టే ఇంగ్లీషులో ‘mission’ అని రాసినాడు. ఒక్కటీ మిగలకూడదన్నది పొలాల సంగతి. మిషన్లు తమిళనాడు నుంచి లారీల మీద వస్తాయి. మబ్బు పట్టిందంటే పక్కూరోళ్ళు దారిలో ఆపి తమ చేలోకి దించుకుంటారు. అందుకే గుట్టు!”

ఆయన నవ్వలేదు. “నిజమే కావచ్చు. రేపేదైనా జరిగితే, చూసి కూడా ఊరుకున్నారని నన్నే కదా అంటారు?” అన్నారు. ఆ భయం అబద్ధమని నేననలేను. గ్రూపులో చేరమని మళ్లీ అడగలేదు. కానీ అక్కడి స్టేషనుకు అప్పటికే ఫోన్ చేసేశారు.

వాళ్లు మర్నాడు పొద్దున్నే కుర్రాణ్ణి జీపులో తీసుకెళ్లారు. చెయ్యి చేసుకోలేదు, టీ కూడా ఇప్పించారట. ఫోన్ మాత్రం సాయంత్రం దాకా ఇవ్వలేదు. మిషన్లు కుదిర్చి రైతులకు పంపడమే అతని బతుకు. చెప్పిన రోజుకు మిషన్ రాకపోతే రేపటి నుంచి అతన్ని ఎవరు నమ్ముతారు? డ్రైవరు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తేవాడు లేడు. మిషన్ ఇంకో ఊళ్లో దిగింది. మధ్యాహ్నం వాన కొట్టింది. అతను మాటిచ్చిన రైతుల చేలు నేలకొరిగాయి.

మనసాగక, సెలవు రోజున మామూలు చీరలో ఆ కుర్రాడి ఇంటికి వెళ్లాను. వాళ్ల నాన్న దర్జీ. నేనెవరో చెప్పగానే కుట్టే మిషన్ ఆపి లేచి నిలబడ్డాడు. అంత పెద్దాయన నన్ను చూసి లేస్తే నాకు తల కొట్టేసినట్టయింది.

“కూర్చోండి నాయనా,” అని, కుర్రాడికి మా నిబంధనలన్నీ విడమరిచి చెప్పాను. సంతకం లేకుండా నీ గ్రూపులోకి ఎవరూ రాకూడదు, నీ పేరు చూసి అనుమానించకూడదు, తప్పు జరిగితే పైవాళ్లకు అర్జీ పెట్టుకోవచ్చు, నేనే రాసిస్తాను అన్నాను.

“అర్జీ వద్దక్కా. మళ్లీ జీపొస్తే నాన్న తట్టుకోలేడు,” అన్నాడు. నన్ను సాగనంపుతూ, “మీ నంబరిస్తారా?” అన్నాడు. ఏదైనా కష్టమొస్తే చెప్పుకుంటాడు కదా అని సంతోషంగా ఇచ్చాను.

మర్నాడు అతని నుంచి మెసేజ్ వచ్చింది. “రేపు బండి దిగుతుంది. గ్రూపులో పెట్టేదా అక్కా? చూసి చెప్పండి.”

మిషన్ అన్న మాటే మానేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వెంటనే ఫోన్ చేశాను. “నీ మాట నువ్వు రాసుకునేదానికి నన్నడిగేది ఏందబ్బయ్యా? గమ్మున పెట్టుకో!” అని కేకలేశాను.

“సరే అక్కా,” అన్నాడు.

కోతలు మళ్లీ వచ్చాయి. ఇప్పటికీ గ్రూపులో పెట్టేముందు ప్రతి మెసేజీ నాకు పంపుతాడు. నేను సరే అన్నాకే పెడతాడు.