ముల్లు దిగని టైర్లు, నేను పెట్టిన నిప్పు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో జనగామ చౌరస్తాలో చాలా టైర్లు కాలాయి. వాటిలో రెండు మాత్రం కొత్తవి, దుకాణం వాసన కూడా పోనివి. అవి మా నాయినవి. తగలబెట్టింది నేను. ఇంత చిన్న ముక్క నా నోట్లోంచి రావడానికి పన్నెండేళ్లు పట్టింది. ఈలోగా బజారంతా ఇంకొకరిని దొంగ అంటుంటే పక్కనే నిలబడి విన్నాను. మొదటినుంచి చెబుతాను. మధ్యలో నవ్వొస్తే ఆపుకోకండి. నేను ఆ నవ్వుకు భయపడే ఇంత పని చేశాను.

మా నాయినది మార్కెట్ దగ్గర హోల్‌సేల్ కిరాణా దుకాణం. స్కూటర్ అంటే ఆయనకు పడదు. ఇంటికీ దుకాణానికీ, దుకాణానికీ రైల్వే స్టేషనుకూ సైకిలే. దుకాణాన్ని ఆనుకుని మా స్థలంలోనే ఒక రేకుల షెడ్డు, దాని కింద సోమ్లా పంక్చర్ షాపు. నెల్లికుదురు దిక్కు తండా మనిషి. ఫోన్లో భార్యతో వాళ్ల భాషలో, మాతో తెలుగులో మాట్లాడేవాడు. ట్యూబును నీళ్లలో ముంచినప్పుడు మాత్రం ఏ భాషా ఉండేది కాదు. బుడగ కోసం అతను చూసినంత శ్రద్ధగా మా డాక్టరు నా నాలుక కూడా చూడలేదు. నాకంటే పదేళ్లు పెద్ద. అయినా నేను "ఒరేయ్ సోమ్లా" అనేవాణ్ని. అతను "చిన్న సేటు" అనేవాడు.

సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయాయి. ఊరంతా సైకిళ్లు బయటికి తీసింది. మేమేమో రోజూ రోడ్డు మీద లారీ టైర్లు కాల్చేవాళ్లం. టైరు కాలుతుంది గానీ దాని లోపలి సన్న తీగలు కాలవు. అవి తునకలై రోడ్డంతా పరుచుకుని సైకిలు టైర్లలో దిగేవి. పొద్దున నేను ఆవేశంగా కాల్చిన టైరు సాయంత్రానికి మా నాయిన చక్రంలో గుచ్చుకునేదన్నమాట. ఆయన మోకాళ్ల నొప్పులతో సైకిలు తోసుకుంటూ వచ్చేవాడు.

"ఏం సోమ్లా, రాష్ట్రం ఎప్పుడొస్తదో గని నీ పంటైతే ఇప్పుడే పండింది."

"గట్లనకు సేటు. తీగలు నేను సల్లుతున్ననా?"

"నువ్వే సల్లుతున్నవని బజార్ల అంటుండ్రు మరి."

ఇద్దరూ నవ్వారు. అప్పటికి అది పరాచికమే.

అక్కడ నేను తలదూర్చాను. "నాయినా, ఇగ నీకు పంక్చర్ ముచ్చటనే ఉండదు. సికింద్రాబాద్ పోయి ముల్లు దిగని టైర్లు తెస్త."

సోమ్లా తల అడ్డంగా ఊపాడు. "అసలు పంక్చర్ గాని టైరు యాడ లేదు చిన్న సేటు. తక్కువ అయ్యేటివి ఉంటయ్. పైన మందముండాలె, లోపట గట్టి పొర ఉండాలె. గాలి నిండుగ కొట్టాలె. దిగంగనే టైరు మీద చెయ్యి తిప్పి, తీగ ఉంటే పీకెయ్యాలె. గంతే."

"నీ గిరాకీ పోతదని చెప్తున్నవ్‌రా!"

"నా గిరాకీ పోతే సేటు మోకాళ్లు బాగుపడ్తయ్. పోనియ్యి."

రైలెక్కి పోయాను. దుకాణదారు మూడు రకాలు ముందు పెట్టాడు. మొదటిది గాలే అక్కర్లేని గట్టి రబ్బరు టైరు. అది బిగించిన సైకిలు మీద గల్లీలో ఒక చుట్టు తిరిగేసరికి నా పై పళ్లూ కింది పళ్లూ కొట్టుకుని విడిపోయాయి. రెండోది మందంగానే ఉంది గానీ ఆ బరువు తొక్కాలంటే మా నాయినకు బదులు ఎద్దును కూర్చోబెట్టాలి. మూడోదాని లోపల గట్టి పొర, పక్కన చుట్టూరా పచ్చ గీత. నేను జేబులోంచి పిన్నీసు తీసి దాన్ని అక్కడా ఇక్కడా పొడవడం మొదలుపెట్టాను.

"అన్నా, టైరు కొంటవా, సూదిమందు ఇస్తవా?" అన్నాడు దుకాణదారు.

కొన్నాను. భుజానికొకటి తగిలించుకుని, సన్మానం చేయించుకున్నవాడిలా జనగామలో రైలు దిగాను. సోమ్లా బొటనవేలితో నొక్కి చూసి, "మంచియే తెచ్చినవ్ చిన్న సేటు," అన్నాడు. అంతటి సర్టిఫికెట్ నాకు కాలేజీలో కూడా రాలేదు. "సేటు సైకిల్ రిమ్ము వంకర పోయింది. సరిజేసి రేపు బిగిస్త."

ఆ రేపే రాస్తారోకో. అప్పటికి ఊళ్లో పాత టైర్లకు కరువొచ్చింది. ధర్నా టెంటులో మైకు నా చేతికి దొరికింది. "మా గల్లీ తరఫున టైర్లు నేను తెస్త!" అని అరిచాను. చప్పట్లు కొట్టారు. అంతకుముందు నాకు చప్పట్లు కొట్టినవాళ్లు లేరు. ఆ చప్పుడు చెవిలో ఉండగానే సోమ్లా షెడ్డుకు ఉరికాను. అతను లేడు. వెనకాల పాత సైకిలు టైర్లు తాడుతో కట్టిన కట్ట ఉంది. పాత టైర్లు ఎప్పుడడిగినా ఊరికే ఇచ్చేవాడే కదా అని కట్టకు కట్ట భుజానేసుకుని, నినాదాలిస్తూ చౌరస్తాకు పోయాను. కిరోసిన్ పోసి నా చేత్తోనే అంటించాను.

తాడు కాలింది, కట్ట విచ్చుకుంది. నడిమధ్యన పచ్చ గీత కనిపించింది.

నా పిన్నీసు దిగని పొరలోకి మంట ఎంత సులువుగా దిగిందో! లాగుదామని చెయ్యి పెట్టబోతే వెనక్కి గుంజారు.

"ఏం మంటన్నా! గివేం టైర్లన్నా?" అన్నాడొకడు సంబరంగా.

"మంచి టైర్లు," అన్నాను. ఆ రోజు నేను చెప్పిన నిజం అదొక్కటే.

దుకాణానికి వచ్చేసరికి సోమ్లా మా నాయిన ముందు నిలబడి ఉన్నాడు. చక్రాలకు టైర్లు లేని సైకిలు పక్కన తలకిందులుగా ఉంది.

"పోరగాండ్లు గుంజుకపోతరని పాత టైర్ల నడుమ దాసి కట్టిన సేటు. ఇప్పుడు కట్టనే లేదు."

"పాత టైర్లను దొంగలు ఎత్తుకపోయిండ్రా? ఎవనికి చెప్తున్నవ్‌రా? గవ్వి బిగిస్తే నువ్వు ఈగలు తోలుకోవాలె. గందుకే మాయం జేసినవ్."

"నా పిల్లల మీద ఒట్టు సేటు."

మా నాయిన నా వైపు తిరిగాడు. "నువ్వు ఈడికి వచ్చినవారా? ఏమన్న సూసినవా?"

సోమ్లా నన్నే చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. నిజం చెబితే మా నాయిన గంటసేపు తిట్టి, తర్వాత అన్నం తినేవాడు. కానీ ఊరు? ఏరికోరి తెచ్చిన టైర్లను తనే మోసుకెళ్లి తగలబెట్టిన మొనగాడని పెళ్లిళ్లలో కూడా చెప్పుకుని నవ్వుతారు.

"లేదు నాయినా. నేను టెంటుకాడనే ఉన్న."

ఆ మాటతో పరాచికం నేరమైపోయింది. తీగలు చల్లేదీ వీడే, టైర్లు దాచిందీ వీడే అన్నారు. షెడ్డు ఖాళీ చేయమన్నాడు మా నాయిన. సోమ్లా ఇంకో వారం వచ్చి కూర్చున్నాడు. గాలి కొట్టించుకోవడానికి కూడా ఎవరూ ఆగలేదు. ఎనిమిదో రోజు నీళ్ల టబ్బును పంపుతో సహా నెత్తిన పెట్టుకుని పోయాడు. నేను దుకాణం లోపల బెల్లం దిమ్మలు సర్దుతున్నాను. అవి అంతకుముందే సర్ది ఉన్నాయి.

తర్వాత రాష్ట్రం వచ్చింది. మా నాయినకు వినికిడి పోయింది, జ్ఞాపకం మాత్రం పోలేదు. వచ్చినవాళ్లందరికీ "సోమ్లా అని ఒకడుండె, టైర్ల దొంగ," అని చెప్పేవాడు. నేను పక్కన కూర్చుని పొట్లాలు కట్టేవాణ్ని.

ఈమధ్య పనిబడి మహబూబాబాద్ పోయినప్పుడు నా బండికి మేకు దిగింది. తోసుకుంటూ మొదట కనిపించిన పంక్చర్ షాపు ముందు ఆపాను. తల నెరిసిన మనిషి టబ్బు మీద వంగి ఉన్నాడు. ఒకసారి తలెత్తి చూసి మళ్లీ వంగాడు.

"చిన్న సేటూ! కూసో."

కూర్చోలేకపోయాను. "సోమ్లా... గా టైర్లు..."

"పచ్చ గీతవా?" తల ఎత్తలేదు. "బోరింగుకాడ నీళ్లు పట్టుకుంట సూసిన, కట్ట భుజానేసుకొని పోతున్నవ్. పిలిచిన. నీ నినాదాలల్ల నీకు ఇనరాలే."

"మరి నాయినకు ఎందుకు చెప్పలే?"

"సేటు కొడుకు మీద తండావోడు చెప్తే ఎవలు నమ్ముతరు? నువ్వే చెప్తవని వారం సూసిన."

అతను నా బండి ట్యూబును నీళ్లలో ముంచాడు. బుడగ కోసం చూస్తూనే అన్నాడు: "నాకేం చెప్తవ్, నాకు ఎరుకనే. ఎరుక లేంది సేటుకు."

అక్కడే ఫోన్ చేశాను. మా నాయిన వినికిడి సంగతి చెప్పాను కదా.

"నాయినా, సోమ్లన్న దగ్గరున్న!"

"ఎవలు? గా టైర్ల దొంగనా?" ఆ గొంతు రోడ్డవతలికి కూడా వినిపించింది.

"దొంగ కాదు! టైర్లు నేనే కాలబెట్టిన!"

"ఏం కాలబెట్టినవ్?"

"టైర్లు! మన టైర్లు! సికింద్రాబాద్‌ల కొన్నయి! చౌరస్తాల!"

"నువ్వే కొని నువ్వే కాలబెట్టినవా?"

"అవు! నేనే!"

గాలి కోసం నిలబడ్డవాళ్లు పగలబడి నవ్వారు. రోడ్డు మీద పోయే ఆటోవాళ్లు ఆటో ఆపి మరీ నవ్వారు. పన్నెండేళ్లు నేను భయపడ్డ నవ్వు అదే. అర నిమిషం కూడా లేదు.

"ఫోను సోమ్లకియ్యి," అన్నాడు మా నాయిన. సోమ్లా చేతులు తుడుచుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఆ సేటు... ఆ... పోనియ్యి సేటు... మోకాళ్లు ఎట్లున్నయ్?" అన్నాడు.

పాఠకులారా, ఇదే నా ప్రతిజ్ఞ: ఇకమీద ఎంతటి మహోద్యమం పిలిచినా, కట్ట విప్పి ఒక్కొక్క టైరును క్షేమసమాచారం అడగనిదే నిప్పు పెట్టను. నా తప్పును ఇంకొకరి నెత్తిన పెట్టి బెల్లం సర్దుతూ కూర్చోను.

సోమ్లా ఫోను తిరిగిచ్చాడు. నాయినకు చెప్పాల్సింది అరిచి చెప్పాను. ఈయనకు చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది. నవ్వినవాళ్లంతా చూస్తుండగానే రెండు చేతులూ పట్టుకున్నాను.

"నేను తప్పు జేసిన సోమ్లన్నా. నోరిప్పకుండ ఇంకింత తప్పు జేసిన. నన్ను మాఫ్ జెయ్యి."